నాకు అరటిపండు అద్దు

2013 నవంబరు. మా బడిలో స్వపరిపాలన దినం. మూడో తరగతి పిల్ల ఒకతి వాళ్ళమ్మ చీరను నాలుగు మడతలేసి చుట్టుకుని, జడలో బంతిపువ్వు పెట్టుకుని, నా కళ్ళజోడు అడిగి తీసుకుని టీచరై క్లాసులోకి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, సుద్దముక్క పట్టలేదు. నా దిక్కు తిరిగి అడిగిన మొదటి మాట: "టీచర్, కట్టె ఏది?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బీరువా వెనక చెయ్యి పెట్టి కట్టె తీసి ఇచ్చాను. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి మూడేళ్ళు దాటింది. పిల్లలను కొట్టకూడదు, మాటలతో మనసు కష్టపెట్టకూడదు అనే 17వ సెక్షన్ గురించి శిక్షణలో రాసుకున్న నోట్సు కూడా ఆ బీరువాలోనే ఉంది. నోట్సు లోపల, కట్టె వెనక.

నేను పెద్దగా కొట్టే టీచర్ను కాదని అందరితో చెప్పుకునేదాన్ని. ఆ "పెద్దగా" చాటున ఎన్ని దెబ్బలు దాగాయో ఆ పిల్లకు తెలుసు. టీచర్ అంటే ఏమిటో ఒక్క వస్తువుతో చెప్పమంటే ఏం చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఆ రోజు ప్రార్థన దగ్గర బాలల హక్కుల చార్టు చదివించింది కూడా నేనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చిన్నపిల్లలకు ఆటలతో హక్కులు నేర్పడం ఈమధ్య బాగా వినిపిస్తోంది. నవంబరు 14 వస్తే పాటలు, 20 వస్తే కార్డులు. (1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది నవంబరు 20నే. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది.) ఆటతో హక్కులు నేర్పొచ్చని నేనూ నమ్ముతాను. అయితే ఆ ఆటలో పెద్దవాళ్ళు కూడా ఓడిపోయే వీలుండాలి. ఓడే భయం లేకుండా గట్టున నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు ఆడించే ఆటలో పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, మన ముందు ఎట్లా నటించాలో.

రిటైరయ్యాక వరంగల్ కొత్తవాడలో ఉంటున్నాం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా గల్లీలో మగ్గాల చప్పుడు మాత్రం మునుపంత లేదు, పూర్తిగా ఆగనూ లేదు. ఆదివారం పొద్దుగూకే ముందు ఇంటి ముందర పాత జంపఖానా ఒకటి పరుస్తాను. నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పిల్లలు పది పన్నెండు మంది పోగవుతారు. హక్కుల ఆటలు ఆడిద్దామని మొదలుపెట్టాను. మొదటి ఆటలోనే నేను ఓడిపోయాను.

అన్నిచోట్లా ఆడించే ఆట అది. అవసరాలు, కోరికలు. పిల్లలకు బొమ్మల కార్డులు ఇస్తారు, ఒక్కొక్కటి వదిలేయమంటారు, చివరకు చేతిలో మిగిలినవి లేకుంటే బతకలేమని, అవే హక్కులని చెప్తారు. నేను దాన్ని మేడారం బాట పట్టించాను. చెప్పుల డబ్బాకు సుతిలి కట్టి ఎడ్లబండి చేశాను. పేపర్లోంచి బొమ్మలు కత్తిరించి ఖాళీ అగ్గిపెట్టెలకు అంటించాను: నీళ్ళ బిందె, అన్నం, మందుల సీసా, బడి, ఇల్లు, అమ్మ, ఫోను, టీవీ, చాక్లెట్లు, బంతి, కొత్త బట్టలు. బండి జంపన్న వాగు దాటాలంటే బరువు తగ్గాలె, రెండు దించుండ్రి అన్నాను.

టీవీ, చాక్లెట్లు వెంటనే దిగాయి. పిల్లలు ఇట్లాంటివి మన కోసం దించుతారు, టీచర్కు ఏ జవాబు ఇష్టమో వాళ్ళకు తెలుసు. ఫోను దగ్గర కొట్లాట అయింది. తర్వాత కొత్త బట్టలు పోయాయి. అప్పుడు చూస్తే ఒక పిల్లగాడు బంతి అగ్గిపెట్టెను తీసుకుపోయి నీళ్ళ బిందె పక్కన నిలబెట్టాడు. "బంతి లేకున్నా బతుకుతం కదరా" అని నేనే తీసి పక్కన పడేశాను. వాడు ఏమీ అనలేదు. అగ్గిపెట్టె పడ్డ దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

రాత్రి పడుకోబోయే ముందు ఎందుకో ఒడంబడిక తీసి చూశాను. మొత్తం 54 అధికరణాలు. 31వది: పిల్లలకు విశ్రాంతి, తీరిక, ఆట. ప్రాణం గురించి, ఆరోగ్యం గురించి, చదువు గురించి చెప్పిన అదే వరసలో ఆట కూడా ఉంది. ఆ మాట ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో! వాడు సరైన చోటనే పెట్టాడు. హక్కులు నేర్పుతానని కూర్చున్న మనిషి వాడి హక్కును తీసి దుమ్ములో పడేసింది. వచ్చే ఆదివారం అందరి ముందర "నాదే తప్పురా, బంతి నీళ్ళ పక్కన ఉండాలె" అన్నాను. వాడికి ఆ సంగతే గుర్తులేదు. బంతి మాత్రం తీసుకుపోయాడు.

అదే ఆటలో ఇంకొకటి జరిగింది. బండిలో అన్నం, నీళ్ళు, మందులు, బడి, ఇల్లు, అమ్మ మిగిలాయి. ఇంకో రెండు దించుండ్రి అన్నాను. ఎవరూ కదల్లేదు. పెద్ద పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఒకామె బడి మీద చెయ్యి వేసి మళ్ళీ వెనక్కి తీసుకుంది. అప్పుడు అందరికంటే చిన్నవాడు, నాలుగేళ్ళవాడు, విసుగ్గా అన్నాడు: "ఇంకో బండి తేరాదు టీచర్?"

ఆ మాటతో ఆటనే కూలిపోయింది. మందులా బడా, అన్నమా ఇల్లా అని పిల్లలతో బేరం ఆడించడమే తప్పు. హక్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, విడదీయడానికి వీల్లేదని 1993లో వియన్నాలో మానవ హక్కుల సదస్సులో దేశాలు కూర్చుని రాసుకున్నాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం ఆలోచనా అదే కదా: తిండి, టీకాలు, ఆటపాటలు విడివిడిగా కాకుండా ఒక్కచోటనే. బండి చాలకపోతే ఇంకో బండి తేవడం పెద్దల పని, సర్కారు పని. ఏది వదులుకుంటావురా అని నాలుగేళ్ళవాణ్ణి అడగడమంటే, కరువును వాడి నెత్తిన పెట్టి ఎంచుకొమ్మనడమే. ఈ ఆట నేను మళ్ళీ ఆడించలేదు. మీరు ఆడిస్తుంటే, కనీసం ఇంకో చెప్పుల డబ్బా దగ్గర పెట్టుకోండి.

దానికంటే మంచి ఆట చింతగింజలది. ఖర్చు లేదు. ఒక్కొక్కరికి 24 గింజలు, అంటే ఒక రోజు. నిన్న పడుకున్నందుకు ఎన్ని, బడికి ఎన్ని, ఇంటి పనికి ఎన్ని, ఆటకు ఎన్ని అని నేల మీద గీసిన గళ్ళలో పెట్టాలి. ఐదేళ్ళవాళ్ళకు గంటలు తెలియవు, ఇష్టమొచ్చినన్ని పోస్తారు, పోయనివ్వండి. ఏడెనిమిదేళ్ళవాళ్ళ గళ్ళు చూడాలి. మగపిల్లల ఆట గడిలో గుప్పెడు గింజలు. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకామె అన్నీ పంచేసరికి ఆట గడి ఖాళీ. తమ్మున్ని ఎత్తుకునుడు, బోళ్ళు, కండెలు చుట్టుడు, ట్యూషన్. కాసేపు చూసి బోళ్ళ గడిలోంచి ఒక గింజ తీసి ఆట గడిలో వేసింది. "గిది దేనికే?" అంటే, "గిప్పుడు ఈడికచ్చిన గద" అంది. చంకలో తమ్ముడు అట్లాగే ఉన్నాడు.

బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని అన్ని రంగాల్లోనూ నిషేధించింది. బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబం పనికి సాయపడితే మాత్రం తప్పు కాదంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికుల కిందే లెక్క అని ఎం.వి. ఫౌండేషన్‌తో ఏళ్ళ తరబడి పోరిన శాంతా సిన్హా గారి లెక్కలో కూడా ఈ పిల్ల రాదు, బడికి పోతుంది కాబట్టి. చట్టం లెక్కలోనూ రాదు. చింతగింజల లెక్కలో మాత్రం వచ్చింది. ఆ గళ్ళను పిల్లలకు చూపి ఏం లాభం? వాళ్ళకు తెలియనిదా? వచ్చే వారం వాళ్ళమ్మను కూర్చోబెట్టి 24 గింజలు ఆమె చేతిలో పోశాను. ఆమె ఆట గడి కూడా ఖాళీ. ఇద్దరూ చాలాసేపు ఒకరి గళ్ళు ఒకరు చూసుకున్నారు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నదాన్ని, చాయ పెట్టి పంపాను. బోళ్ళ పని ఇప్పుడు ఇంట్లో అన్నకు సగం వచ్చిందని విన్నాను. పూర్తిగా నమ్మను గానీ, విన్నాను.

పిల్లల ఆటల్లో ముందునుంచే ఒక రాజ్యాంగం ఉంది. మనం చూడం. పంటలు వేసుకుంటారు, దొంగ ఎవరో తేల్చడానికి పెద్దమనిషి అక్కర్లేదు. నియమం తప్పితే "తొండి" అంటారు. తప్పు జరిగి ఆట చెడితే "తూచ్" అని మళ్ళీ మొదలుపెడతారు. ఇంత న్యాయశాస్త్రం గల్లీలో నడుస్తుంటే, న్యాయం అంటే ఏమిటో చెప్తామని మనం చార్టు పట్టుకుని వస్తాం.

ఆ తొండి ఒకసారి నా మీదికే వచ్చింది. ఈ వారం ఏ ఆట ఆడాలో గింజలతో ఓటు వేసి తేల్చుకోమన్నాను. రెండు గ్లాసులు, తలా ఒక గింజ. బాగానే నడిచింది. మూడో వారం వాళ్ళే ఓటు పెట్టారు: పక్క గల్లీ పిల్లగాన్ని రానియ్యాలా వద్దా. వాడు కొరుకుతాడు, నిజమే. ఎనిమిది గింజలు వద్దు దిక్కు, రెండే రానియ్యాలె దిక్కు. వాడు గోడకు ఆనుకుని గ్లాసుల దిక్కే చూస్తున్నాడు. నేను లేచి గ్లాసు బోర్లించాను. ఇది చెల్లదు అన్నాను.

"గిది తొండి టీచర్. ముందుగాల జెప్పాలె గద."

వాళ్ళ మాట నిజం. ఓటు వేయమన్నది నేనే, నాకు నచ్చనప్పుడు గ్లాసు బోర్లించిందీ నేనే. మనిషిని వెళ్ళగొట్టడానికి ఓటు ఉండకూడదన్న నా మాటా నిజమే. ఈ రెండు నిజాల మధ్య దారి ముందే గీసి పెట్టాల్సింది. ఇప్పుడు ఓటుకు ముందు సుద్దతో ఒక గుండ్రం గీస్తాం. ఏ ఆట, ఎంతసేపు, ఎవరు ముందు – ఇవి గుండ్రం లోపల. ఎవరిని రానియ్యాలె, ఎవరిని కొట్టాలె – ఇవి బయట, వాటికి గింజలు లేవు. మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు చేసే పని ఇంతకంటే వేరేం కాదు. ఆరేళ్ళవాళ్ళకు ఆ గుండ్రం ఇట్టే అర్థమైంది. కొరికే పిల్లగాని సంగతికి వాళ్ళే దారి కనిపెట్టారు: కొరికితే ఒక ఆట కూర్చోవాలె, రెండో ఆటకు రావాలె.

అన్నిటికంటే తేలికైన ఆట "ఆగు". గంతులేస్తూ, ఉరుకుతూ, కితకితలు పెట్టుకుంటూ ఉంటారు. ఎవరు "ఆగు" అన్నా అందరూ బొమ్మల్లా ఆగాలి. అన్నవాళ్ళు "ఊ" అనేదాకా కదలొద్దు. నా ఒంటి మీద నా మాట చెల్లుతుందని మూడేళ్ళ పిల్లకు ఇంతకంటే సూటిగా చెప్పే దారి నాకు తెలియదు. దాని వెనక ఉన్న పెద్ద విషయం, ముట్టుకోకూడని చోట ముట్టుకునే మనుషుల సంగతి, చెప్పాల్సిన వయసులో చెప్పొచ్చు. కానీ ముందు "ఆగు" అంటే లోకం ఆగుతుందన్న అనుభవం ఒంటికి తెలిసి ఉండాలి. దాగుడుమూతల్లో కూడా ఒకటి చేర్చాం. దొంగ ఒకటి నుంచి పది దాకా కాదు, వెనక నుంచి లెక్కపెట్టాలి, మొదటి మూడు గట్టిగా: పది, తొమ్మిది, ఎనిమిది. 1098. ఆపదలో ఉన్న పిల్లల ఫోన్ నంబరు. ఇంకేమీ వివరించలేదు, నంబరైతే నాలుకకు ఎక్కింది.

"ఆగు" మీద ఫిర్యాదు రావడానికి పది రోజులు పట్టలేదు. ఒక తల్లి వచ్చింది. "మీరు నేర్పిన ఆట ఏందోగని టీచర్, అన్నం తినుమంటె ఆగు, తానం జెయ్యమంటె ఆగు. నిన్న మా మామ ముద్దు పెట్టుకోబోతె ఆగు అన్నడు, ఆయనకు కోపమచ్చింది." వెనక ఇంకో ఇద్దరు తలూపుతున్నారు. హక్కులు సరే, బాధ్యతల సంగతేంది అని ఒక తాత అరుగు మీంచి అందుకున్నాడు. ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, పిల్లల దగ్గరికి వచ్చేసరికే వస్తుంది. పెన్షన్ గురించి మాట్లాడేటప్పుడు తాతను ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

నేను చెప్పింది ఇంతే. "ఆగు" అనే హక్కు నేర్చుకున్నవాడు అదే ఆటలో ఇంకొకరు "ఆగు" అంటే ఆగడం కూడా నేర్చుకుంటున్నాడు. బాధ్యత అనేది వేరే పాఠం కాదు, అదే నాణెం ఆట తిరిగి నీ దగ్గరికి వచ్చినప్పుడు కనిపించే బొరుసు. ఇక అన్నం, స్నానం. ఒడంబడిక 12వ అధికరణం పిల్లల మాట వినాలంటుంది, వయసుకూ పక్వతకూ తగ్గట్టు దానికి విలువ ఇవ్వాలంటుంది. వినడం వేరు, విన్నదల్లా చేయడం వేరు. సూది మందు దగ్గర ఏడిస్తే సూది ఆగదు, కానీ ఏ చేతికి వేయాలో అడగొచ్చు. అన్నం దగ్గర ముద్ద ఎంతో అడగొచ్చు. మామ ముద్దు దగ్గర మాత్రం బేరం లేదు. ఆగాలి. ఆ పిల్లగాడు గల్లీలో నేర్చుకున్న మాట ఇంట్లో చెల్లకపోతే, ఆ మాట ఆటబొమ్మేనని వాడికి ఒక్క రోజులో తెలిసిపోతుంది. అప్పుడిక ఏ ఆటా పనికి రాదు. ఒడంబడిక గురించి పిల్లలకే కాదు, పెద్దలకూ తెలియజెప్పాలని 42వ అధికరణంలో ఉన్నది ఊరికే కాదు.

ఆ తల్లికి నచ్చిందో లేదో తెలియదు. పిల్లగాన్ని మాత్రం మానిపించలేదు. మామ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

పెద్దవాళ్ళు కూడా ఓడిపోయే వీలుండాలన్న సంగతి మనకంటే ముందే పట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు, యానుష్ కోర్చాక్. పోలండ్ రాజధాని వార్సాలో అనాథ పిల్లల ఇల్లు నడిపిన డాక్టర్. ఆ ఇంట్లో పిల్లల కోర్టు ఉండేది. జడ్జీలు పిల్లలే. పెద్దల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు, కోర్చాక్ తానే ఆ కోర్టు ముందు నిలబడ్డాడు. దాని నియమాల్లో ఎక్కువ భాగం శిక్షల గురించి కాదు, క్షమించడం గురించే. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలిస్తే వాళ్ళతో పాటే పోయాడు, తిరిగి రాలేదు. ఆయన చావు గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కోర్టులో ముద్దాయిగా నిలబడ్డ డాక్టరే ఎక్కువ గుర్తుంటాడు. బాలల హక్కులకు ఒక ఒడంబడిక కావాలని 1978లో మొదట ప్రతిపాదించిన దేశం కూడా ఆయన పోలండే.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి, నా పనికే ఎదురొచ్చే చిక్కు. 31వ అధికరణాన్ని వివరిస్తూ 2013లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ ఆట అంటే ఏమిటో చెప్పింది: పిల్లలు తామే మొదలుపెట్టి, తామే నడిపించుకునేది. ఆ లెక్కన మనం పక్కా ప్లాన్‌తో, కార్డులతో, "లక్ష్యాలు" రాసుకుని ఆడించేది ఆటే కాదు. ఆట వేషం వేసుకున్న పాఠం. నేను ఆడించిన వాటిలో చెడిపోయిన చోటనే పిల్లలు ఏదో నేర్చుకున్నారు, నేనూ నేర్చుకున్నాను. ఇంకో బండి అడిగినప్పుడు, తొండి అన్నప్పుడు. పగ్గం వాళ్ళ చేతిలోకి పోయిన ఆ కాసేపే అది ఆట.

ఆ కాసేపుల్లో అన్నిటికంటే పెద్దది నేల–బండ ఆడుతుంటే వచ్చింది. మా గల్లీలో ఆరేళ్ళ పిల్ల ఒకామె ఒక కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, ఆమెను ఎప్పుడూ వదిలిపెట్టరు. ఆటలో అరటిపండు చేస్తారు. అంటే ఆటలో ఉంటుంది, ఉరుకుతుంది, అరుస్తుంది, దొంగ ముట్టుకున్నా అవుట్ కాదు. మన ఆటల్లో ఇంత దయగల ఏర్పాటు ఉందని నేను ఎన్ని మీటింగుల్లో గొప్పగా చెప్పానో! ఒకరోజు ఆ పిల్ల ఆట నడుమ ఆగిపోయి నడి గల్లీలో కూర్చుంది.

"నాకు అరటిపండు అద్దు. నన్ను గూడ అవుటు చెయ్యుండ్రి."

అవుట్ అయ్యే హక్కు అడుగుతోంది. ఏ ఒడంబడికలోనూ ఆ మాటతో లేదు, కానీ వికలాంగులైన పిల్లల గురించిన 23వ అధికరణం చెప్పబోయింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. నేను లేచి ఏదో చెప్పబోయాను. పిల్లలు నన్ను చూడను కూడా లేదు. గుంపుగా నిలబడి గొడవపడ్డారు. అవుట్ చేస్తే ఆమె ప్రతిసారీ దొంగనే అవుతుంది, అది తొండి అని ఒకడు. కాసేపటికి తీర్పు వచ్చింది: ఆమె దొంగ అయినప్పుడు చేతికి చున్నీ ఇస్తారు. చెయ్యి తగలకున్నా చున్నీ కొస తగిలితే అవుటే. ఆ సాయంత్రం ఆమె నలుగుర్ని అవుట్ చేసింది, ఐదుసార్లు అవుట్ అయింది. అవుట్ అయిన ప్రతిసారీ ఎగిరి గంతేసింది.

మొన్న ఆదివారం నన్నూ ఆటలోకి రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పి, ఉరకలేను అన్నాను. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుని చెప్పారు: "ఏం గాదు టీచర్, నువ్వు అరటిపండు."

సరేనన్నాను. చీర కొంగు దోపుకుని గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు కుంటుకుంటూ తిరిగాను. దొంగ ఆ పిల్లే. అరుగుల మీద పిల్లలు కేకలు, ఉరుకులు. ఆమె నా పక్క నుంచే పోయింది. చున్నీ కొస నా మోచేతికి తగిలింది. "అవుట్" అన్నాను నేనే.

"నువ్వు గాదు టీచర్" అని వెనక్కి తిరక్కుండానే చెప్పి, అరుగు దిగిన పిల్లగాని వెంట పడ్డది.